అప్‌డేట్: లామోట్రిజిన్ స్టార్ట్ చేస్తున్న

మొన్న అడిగిన కదా, లెవెటిరాసెటమ్ గోలితోని ఫిట్స్ ఆగినయ్ గానీ ఊకె కోపం, ఏడుపు వస్తున్నయ్, మందు మార్చాల్నా అని. ధైర్యం చెప్పినోళ్లందరికీ థాంక్స్. హన్మకొండల న్యూరో డాక్టర్‌ను కలిసినం, అమ్మ కూడా వచ్చింది, చాయ్‌ల చక్కెర తక్కువైందని గ్లాస్ మొత్తం సింక్‌ల వంపి అక్కడ్నే కూసోని ఏడ్చిన సంగతి ఆమెనే చెప్పింది, నాకైతే నోరు రాలే. ఈ గోలితోని కొందరికి చిరాకు, డిప్రెషన్ వస్తయ్, అది పిల్ల బుద్ధి కాదమ్మా అని డాక్టర్ సమజయ్యేటట్టు చెప్పిండు. ఆ ఒక్క మాటకే నాకు సగం బరువు దిగింది.

ఇగ లామోట్రిజిన్‌కే డిసైడ్ అయిన. ఇది ఫిట్స్‌కు పనిచేస్తది, బైపోలార్ (మూడ్ బాగ పైకి కిందికి అయ్యే జబ్బు) ఉన్నోళ్లకు మూడ్ కోసం కూడా ఇస్తరు. కాకపోతే జల్ది పెంచొద్దు, నాకు రోజుకు 25 ఎంజీతోని మొదలువెట్టి వారాల మీద మెల్లగ పెంచుతరు, తొందరపడితే దద్దుర్లు వచ్చే రిస్క్ ఎక్కువ, అరుదుగ అవి ప్రాణం మీదికి కూడా తెస్తయ్. దద్దుర్లు, నోట్ల పుండ్లు, జరం కనవడితే వెంటనే రమ్మన్నడు. పాత గోలి ఇప్పుడే బంద్ చేసుడు లేదు, సడెన్‌గ ఆపితే ఫిట్స్ తిరగవడ్తయ్. వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందు అడిగి చూసిన, రేపు కడుపు పండితే బిడ్డకు మంచిది కాదని వద్దన్నడు.

భయమైతే ఉంది, గానీ ఇంట్లోళ్ల మీద అరుసుకుంట బతుకుడు ఇగ నాతోని కాదు. ఇది వేసుకునేటోళ్లు ఉంటే మూడ్‌ల తేడా ఎప్పుడు తెలిసిందో జర చెప్పున్రి.