సమస్యాపూరణం: “పాలు పొంగిపోవ పరవశించె”

పలక-బలపం (నిర్వహణ):

ఈ వారం పాదం. ఇది ఆటవెలది పద్యానికి చివరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాసి పూర్తి చేయాలి.

పాలు పొంగిపోవ పరవశించె

మొన్న పొద్దున్న పాల గిన్నె పొయ్యి మీద పెట్టి, కిటికీ అవతల ఉడత జామపిందె ఎత్తుకుపోతుంటే చూస్తూ నిలబడిపోయాను. అర లీటరులో సగం గట్టు మీదికి వచ్చేసింది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసి, గట్టు వంక కూడా చూడకుండా “ఉడత ఎటు పోయింది?” అంది. అక్కడ పుట్టిందీ పాదం. పండగలూ పెళ్ళిళ్ళూ వద్దు, ఏ రోజైనా ఏ ఇంట్లోనైనా జరిగే చిన్న సంగతి కావాలి. గృహప్రవేశం అందరికీ ముందే తడుతుంది, దాన్ని దాటి రండి.

చుక్కల ముగ్గు:

దాటలేకపోయాను, మన్నించండి. పోయిన నెల డాలస్‌లో మా అమ్మాయి కొత్త ఇంట్లో కరెంటు పొయ్యి మీద పాలు పొంగడానికి 20 నిమిషాలు పట్టింది. అందరం గిన్నె చుట్టూ మూగి నిలబడ్డాం. ఆ 20 నిమిషాలూ నాకు పండగే.

కొత్త యింట నడుగు కోడలు మోపుచు
పొయ్యి మీద గిన్నె పొలుపు మీర
నత్తమామ లుబ్బ హారతి వెలుగులో
పాలు పొంగిపోవ పరవశించె

గోదావరి గట్టు:

యతులు, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరాలు, బాగున్నాయమ్మా. నత్త (అత్త)–హారతి అని అకార హకారాలకు మైత్రి కుదిర్చారు, చేయి తిరిగినవాళ్ళ పని. కానీ “పొలుపు మీర” యతి కోసం వచ్చి కూర్చున్న మాట. పైన మీరు రాసిన 20 నిమిషాల ఎదురుచూపు పద్యంలో లేదు, అదే నాకు కావలసింది.

ఉసిరిచెట్టు:

పండగ వద్దన్నారు గానీ నాకు రథసప్తమి పండగలా అనిపించదు. మాఘమాసపు చలిలో పెరట్లో పిడకల పొగ, చిక్కుడాకుల్లో వేడి పరమాన్నం. ఆ పొద్దుటి ఎండంటే ఇంట్లో మనిషే.

తులసి కోట ముందు దొడ్డిలో పిడకలు
పేర్చి నిప్పు వేసి పెద్దతల్లి
భానుఁ డెదుర నిల్వ భక్తితో గిన్నెలో
పాలు పొంగిపోవ పరవశించె

గోదావరి గట్టు:

“తులసి–దొడ్డి” యతి చూసి ఒక్క క్షణం ఆగాను. తు, దొ, సరిపోయింది. పద్యం నిలబడింది. కాకపోతే ఇక్కడ పాలు పొంగాలనే పొంగించారు. పొంగిపోతే అయ్యో అనాల్సిన చోట ఆనందం పుట్టాలి. సమస్య ముడి అక్కడుంది. ఇప్పటికి వచ్చిన రెండు పద్యాలూ ముడిని విప్పలేదు, పక్కనుంచి వెళ్ళాయి.

మానేరు:

సార్ ముడి అన్నరు కాబట్టి మా ఇంట్ల జరిగింది జరిగినట్టు రాసిన. అయ్యో అన్నది మేము, పరవశించింది ఇంకొకరు.

పొయ్యి చెంత నక్కి పొంచిన మా పిల్లి
మూతి నాకి నాకి ముద్దు లొలికి
గట్టు మీద నుండి కాలువ కట్టగా
పాలు పొంగిపోవ పరవశించె

చుక్కల ముగ్గు:

“కాలువ కట్టగా”! ఎంత హాయిగా పడిందో ఆ మాట. పాలు గట్టు దిగి నేల మీదికి పోవడం కళ్ళకు కట్టింది.

గోదావరి గట్టు:

“మూతి నాకి నాకి” నాకూ నచ్చింది. పాలు ఇంకా కిందికి రాకముందే మూతి నాకుతోంది, అది పిల్లి ఆశ. ఈ పాదానికి పిల్లి ఎవరికో ఒకరికి తట్టకపోదని అనుకుంటూనే ఉన్నాను, ఇంత శుభ్రంగా వస్తుందనుకోలేదు.

తుంగభద్ర తీరం:

నాది కాస్త పదం విరిచి చదవాలి.

మాట మాట పెరిగి మౌనులై యిద్దరు
కాఫి చేతి కిచ్చి కళ్ళు కలుప
నిల్లు చల్లబడగ నిద్దరిలోని కో
పాలు పొంగి పోవ పరవశించె

పరవశించింది ఇల్లు. పొంగింది పాలు కాదు, కోపాలు. పొంగి, పోయాయి.

మానేరు:

అన్నా! “కో” దగ్గర ఆగి రెండుసార్లు చదివిన. “పొంగిపోవ” ను పొంగి, పోవ అని రెండు చేసుడు మస్తుగున్నది.

పెరటి జామ:

ఇల్లు పరవశించడం చదవగానే మా ఇల్లే గుర్తొచ్చింది. మాటల్లేని రాత్రి తర్వాత పొద్దున్నే గిన్నెల చప్పుడు కూడా వేరుగా ఉంటుంది. ఎవరో ఒకరు కప్పు తెచ్చి పక్కన పెడతారు. అంతే, తలుపులు కూడా మామూలుగా మూసుకుంటాయి.

గోదావరి గట్టు:

విరుపు బాగుంది, కాదనను. కానీ రెండు మాటలు చెప్పక తప్పదు. ఒకటి, “కాఫి”. కాఫీలో దీర్ఘం మింగేశారు, గణం కోసం, అంటే గురులఘువుల లెక్క కోసం. రెండు, “కోపాలు”. “కలుప నిల్లు” అని మధ్యలో నకారం తెచ్చే ద్రుతసంధి పాటిస్తూ గ్రాంథికంలో నడుస్తున్న పద్యం చివరికొచ్చి వాడుక మాటలోకి జారింది. కోపములు అనాలి. తీరం గారికి ఇది కొత్త కాదు. నిరుడు “చీపు రెత్తి వాఁడె సిరిని గాంచె” అని ఇచ్చినప్పుడు కూడా ఇంతే, ఊహ ముందుకు ఉరికింది, యతి వెనక ఉండిపోయింది. ఆ రెండో పాదం నాకిప్పటికీ గుర్తే.

దుమ్ము దులిపి చూడఁ గమ్మ దొరికె

“దు”కు “గ”తో యతి ఏమిటి? “దొరికెఁ గమ్మ” అని రెండు మాటలు తిరగేస్తే సరిపోయేది. అప్పుడే చెప్పాను, వినలేదు.

తుంగభద్ర తీరం:

విన్నాను మాస్టారూ. ఆ పద్యం పక్కన పెట్టేసి మళ్ళీ ముట్టుకోలేదు. మంచం కింద మా అమ్మ చెవికమ్మ దొరికిన రోజు నిజంగా జరిగిందే. ఆ పద్యం ఆమెకు వినిపించాలనుకుని మానేశాను.

పలక-బలపం (నిర్వహణ):

“కాఫి” సంగతి వరకు ఒక దారి ఉంది. “కప్పు చేతి కిచ్చి కళ్ళు కలుప” అంటే గణం, యతి రెండూ నిలుస్తాయి.

తుంగభద్ర తీరం:

కుదురుతుంది, ఒప్పుకుంటున్నాను. కానీ కప్పులో టీ ఉండొచ్చు, మజ్జిగ ఉండొచ్చు. ఆ పొద్దున మా ఇంట్లో అందరికంటే ముందు మాట్లాడింది కాఫీ వాసన. అది పద్యంలోంచి పోతే నాకు పద్యమే పోయినట్టు. దీర్ఘం పోతే పోనీండి.

మానేరు:

పాత ముచ్చట తీసిన్రు కాబట్టి ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు సార్. దుమ్ము, గమ్మ. రెండో అక్షరాలు రెండు చోట్లా “మ్మ”నే కద. ముందున్నవి రెండూ గురువులే. అది ప్రాసయతి కాదా? ఆటవెలదిల చెల్లుతది కద?

పలక-బలపం (నిర్వహణ):

చెల్లుతుంది. వృత్తాల్లోనూ కందంలోనూ అయితే కాదు గానీ ఆటవెలది, తేటగీతి, సీసాల్లో యతికి బదులు ప్రాసయతి వేయవచ్చు. నిరుడు నేనూ చూసి ఊరుకున్నాను. తప్పు నాది కూడా. తీరం గారూ, మీ పద్యం నిరుడే నిర్దోషం. అమ్మగారికి వినిపించండి.

చుక్కల ముగ్గు:

ఏడాదిపాటు ఆ పాదాన్ని తప్పు కింద గుర్తుపెట్టుకున్నాం అందరం!

ఉసిరిచెట్టు:

నేను తీరం గారి పూరణ దగ్గరే ఉండిపోయాను. పాలు ఎందుకు పొంగుతాయో తెలిస్తే ఆ శ్లేష ఇంకా రుచిస్తుంది. కాగే కొద్దీ పైన మీగడ పొర కడుతుంది. కింద పుట్టిన ఆవిరి బుడగలకు దారి ఉండదు, పొరను ఎత్తుకుని ఒక్కసారిగా పైకి లేస్తాయి. మంచినీళ్ళు అలా పొంగవు, వాటికి పొర లేదు. మాట్లాడకుండా కూర్చున్న ఇద్దరి మధ్యా ఉండేది ఆ మీగడ పొరే. మా అమ్మ గిన్నె మీద అడ్డంగా చెక్క గరిటె పెట్టేది. మా ఇంట్లో గొడవలప్పుడు ఆ గరిటె పని మా మేనత్త చేసేది, మధ్యలో కూర్చుని ఏదో ఒకటి అడిగేది, ఉప్పు ధర ఎంతనో, ఎవరి పెళ్ళి ఎప్పుడనో.

పెరటి జామ:

ఇంతమంది పెద్దల మధ్య పెడుతున్నాను. మా చిన్నవాడు మొదట నడిచిన రోజు.

గోడ పట్టుకొనెడు కుఱ్ఱఁడు చెయి వీడి
యడుగులైదు వేసి యమ్మఁ జేరఁ
బొయ్యి మాట మఱచి పొదివి ముద్దాడుచున్
పాలు పొంగిపోవ పరవశించె

పలక-బలపం (నిర్వహణ):

నాకు ఇంతవరకూ వచ్చినవాటిలో ఇదే. భాగవతం దశమ స్కంధంలో యశోద ఒడిలో బిడ్డ పాలు తాగుతుండగా పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వాణ్ణి దించి పరుగెత్తింది. వాడు అలిగి కుండ పగలగొట్టాడు, రోటికి కట్టించుకున్నాడు. ఈ అమ్మ పాలను వాటి మానాన వదిలి బిడ్డ దగ్గరే ఉండిపోయింది. యశోద పేరు ఎత్తకుండానే ఆ కథను ఇటు తిప్పారు.

గోదావరి గట్టు:

“పొదివి ముద్దాడుచున్” అన్న చోట గణాల మధ్య మాట విరిగినా నడక విరగలేదు, చెవికి తియ్యగా ఉంది. కానీ కర్త ఏదమ్మా? రెండో పాదంలో అమ్మ కర్మ. మూడులో పొయ్యి మాట మరిచింది ఎవరు? అన్వయం ప్రకారం కుర్రవాడే మరిచాడు! “యడుగులైదు వేయ నమ్మ యుఱికి” అనండి, కర్త దొరుకుతుంది.

పెరటి జామ:

అన్వయం మీరు చెప్పినట్టే మాస్టారూ. కానీ నేను ఉరకలేదు. నేల మీద చిక్కుళ్ళు వలుస్తూ కూర్చునే ఉన్నాను, వాడే వచ్చాడు. నేను ఉరికితే ఆ ఐదడుగులు ఎవరివి?

మానేరు:

అక్కా, ఆ పాదం మార్చకు.

గోదావరి గట్టు:

మార్చవద్దు. నేను అడిగింది వ్యాకరణం, ఆవిడ చెప్పింది జరిగింది.

కొత్త పలక:

నమస్కారం అందరికీ. ఇది నా మొదటి పద్యం. దిద్దండి.

నాన్న పొయ్యి చెంత నడుము బిగించిన
రోజు పాప గిన్నె రొదను వినుచు
చప్పట్లు కొట్టి నవ్వి చిందులు వేయుచు
పాలు పొంగిపోవ పరవశించె

గోదావరి గట్టు:

మొదటి రెండు పాదాలు చదివి మొదటి పద్యం అంటే నమ్మలేదు. “రోజు–రొద” చక్కటి యతి. మూడో పాదం దగ్గర కాలు జారింది. “చప్పట్లు” అని మూడక్షరాలకు రెండు గురువులు, ఆ చోట సూర్యగణం, అంటే గురువు లఘువు గానీ మూడు లఘువులు గానీ రావాలి. “చ”కు “చిం”తో మైత్రి కూడా లేదు. చప్పట్లు మాటకు ఆశపడ్డారు, నాకు తెలుసు, నేనూ ఒకప్పుడు పడ్డాను. చప్పట్ల శబ్దాన్ని ఉంచి మాట మార్చండి.

చేయి చేయి తట్టి చిందులు వేయుచు

కొత్త పలక:

ఇదే చెప్పాలనుకున్నాను, మాట దొరకలేదు. పాప రెండు చేతులూ ఒకదానికొకటి సరిగ్గా తగలవు, పదిసార్లలో నాలుగుసార్లే చప్పుడు వస్తుంది. “చేయి చేయి తట్టి” అంటే ఆ ప్రయత్నమే కనబడుతోంది. ధన్యవాదాలండీ.

తుంగభద్ర తీరం:

మాస్టారు దిద్దితే ఇలా ఉంటుంది. అందరి పద్యాలూ దిద్దారు, మరి మీ పూరణ ఏది? నిరుడు చీపురు సమస్యకూ మీరు రాయలేదు.

గోదావరి గట్టు:

రాశాను. పొద్దున జరిగింది పొద్దునే రాసి, పెట్టాలా వద్దా అని ఇంతసేపు ఉంచుకున్నాను. మీలా విరుపే, మీకంటే ముందు తట్టలేదని ఒప్పుకుంటాను.

మనుమరాలు వచ్చి మా కళ్ళజోడును
పెట్టుకొనుచు నన్ను పేప రడుగ
బామ్మ తొంగి చూచి పసిదాని యీ మురి
పాలు పొంగిపోవ పరవశించె

చుక్కల ముగ్గు:

మురిపాలు! ఈ పాదంలో ఆ మాట దాగుందని నాకు తట్టనేలేదు.

పెరటి జామ:

కళ్ళజోడు పెట్టుకుని పేపరు అడగడం... మాస్టారూ, ఇన్నాళ్ళూ మీరెందుకు రాయలేదు?

తుంగభద్ర తీరం:

పద్యం చూసి లేచి నిలబడ్డాను, అది ముందు చెప్పాలి. “పేప రడుగ” లో పిల్ల గొంతు వినబడుతోంది. ఇప్పుడు ఒక్క మాట. మురిపము బహువచనంలో మురిపములు. అది మురిపాలు అయిందంటే, కోపములు కోపాలు కాకూడదా?

పలక-బలపం (నిర్వహణ):

అవుతుంది. చిన్నయ సూరి బాలవ్యాకరణం తత్సమ పరిచ్ఛేదంలోనే ఉంది. “లు” పరమైనప్పుడు “ము” లోపించి ముందున్న అచ్చు దీర్ఘమవుతుంది, వికల్పంగా. సూరి ఇచ్చిన ఉదాహరణ వజ్రములు, వజ్రాలు. కోపాలూ మురిపాలూ ఆ దారినే వచ్చాయి. రెండూ గ్రాంథికంలో చెల్లే మాటలే.

గోదావరి గట్టు:

సూత్రం నాకు కంఠపాఠం. పిల్లలకు ముప్పై ఏళ్ళు చెప్పాను. మీ పద్యం మీద మాత్రం గుర్తు రాలేదు, నా పద్యంలో వెతక్కుండానే వచ్చి కూర్చుంది. తీరం గారూ, కోపాలు మీవి చెల్లాయి. గమ్మ కూడా చెల్లింది. ఏడాది ఆలస్యంగా చెబుతున్నాను, అది నా తప్పు. “కాఫి” కూడా అలాగే ఉంచండి, వాసన వచ్చింది.

మానేరు:

సార్, కళ్ళజోడు మళ్ళ ఇచ్చిందా పిల్ల?

గోదావరి గట్టు:

ఇచ్చింది, మధ్యాహ్నం. ఎడమ అద్దం మీద పప్పన్నం వేలిముద్ర ఉంది. దాంట్లోంచే చూసి ఇవన్నీ రాస్తున్నాను. తీరం గారూ, ఆ చీపురు పద్యం నాలుగు పాదాలూ మళ్ళీ ఇక్కడ పెట్టండి, ఈసారి సరిగ్గా చదువుతాను.