సాలగ్రామాన్ని సుత్తితో పగలగొట్టవచ్చా?

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో అమ్మోనైట్‌లు (ఎప్పుడో అంతరించిన సముద్రప్రాణుల చుట్టల గుల్లలు, ఇప్పుడు రాతి శిలాజాలు) ఏరడం గురించిన ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. అమ్మోనైట్ అన్నచోటల్లా హాయిగా 'సాలగ్రామం' అని పెట్టుకుంటూ పోయాను. ఉన్న మాట, అందరికీ తెలిసిన మాట, పైగా వస్తువూ అదే. ఇంకేం కావాలి అనుకున్నాను. అంతలో ఈ వాక్యం వచ్చిపడింది:

"గుండురాయిని అంచు మీద నిలబెట్టి సుత్తితో ఒక్కటిచ్చాడు. సాలగ్రామం రెండు చెక్కలైంది. అతని సంతోషానికి అంతు లేదు."

చదివి వినిపిస్తే మా అమ్మ "అయ్యో, అదేం పని!" అంది. మూలంలో ఉన్నది ఒక పిల్లాడి సంబరం. నా తెలుగులో అది మహాపాతకమై కూర్చుంది.

వస్తువు ఒకటే అన్నది మాత్రం తప్పు కాదు. నేపాల్‌లో ముక్తినాథ్ దగ్గర కాళీగండకిలో దొరికే నల్ల రాళ్లలో చక్రం కనిపించేవి అమ్మోనైట్‌లే. హిమాలయాలు లేవక ముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. దాని అడుగు బురద గట్టిపడి, పొరలుగా విడిపోయే నల్లటి షేల్ రాయైంది. నది దాన్ని కోసి, అందులోని గుండ్లను దొర్లించి నునుపు చేసింది. వాటి వయసు సుమారు 15 కోట్ల ఏళ్లు, అంటే జురాసిక్ యుగం చివరి రోజులు. ఇంగ్లండ్ దక్షిణ తీరాన లైమ్ రీజిస్‌లో దొరికేవి ఇంకా నాలుగైదు కోట్ల ఏళ్లు పాతవి. శిలాజాల వేటలో పేరుపొందిన మేరీ ఆనింగ్ (1799–1847) కుటుంబం వాటినే ఏరి, వచ్చేపోయేవాళ్లకు అమ్ముకుని బతికింది.

వస్తువు ఒకటే అయినప్పుడు మాట ఎందుకు బెసికింది? మీరేమంటారు?

— మాస్టారూ, వస్తువు కూడా పూర్తిగా ఒకటి కాదు. చక్రం పైకి కనిపించని నున్నటి సాలగ్రామాలూ ఉన్నాయి. అమ్మోనైట్‌లన్నీ సాలగ్రామాలూ కావు. అసలు శాలగ్రామం అన్నది ఊరి పేరు, అది రాయికి వచ్చింది. గండకి దాటితే ఆ పేరు చెల్లదు. అదీకాక సాలగ్రామం దొరికితే కళ్లకద్దుకుంటాం, అమ్మోనైట్ దొరికితే లోపలేముందో చూస్తాం. మీ వాక్యంలో బెసికింది అక్కడే.

— 'శిలానత్త' అంటే పోలా? పిల్లలకు కూడా వెంటనే అర్థమవుతుంది.

— వెంటనే అర్థమవుతుంది, తప్పుగా. నత్తగుల్ల లోపల అడ్డుగోడలుండవు, చివరిదాకా ఒకటే గొట్టం. అమ్మోనైట్ గుల్ల నిండా గదులే. ఒకదాన్ని నిలువునా కోసి నునుపు పట్టించినది చేతిలోకి తీసుకుని చూశాను. లోపలి గదుల్లో తేనెరంగు స్ఫటికం నిండి ఉంది. బయటి చుట్టులో, మూతి దాకా, ఒట్టి బూడిదరంగు బురదరాయి. ప్రాణి కాపురమున్నది ఆ ఆఖరి గదిలోనే. అది చచ్చాక తెరిచి ఉన్న ఇంట్లోకి బురద వచ్చిపడింది. వెనక గదులకు గోడలున్నాయి కాబట్టి బురద లోపలికి పోలేదు, నీళ్లలోని కాల్సైట్ అనే సున్నపు ఖనిజం మాత్రం మెల్లగా పేరుకుంది. ఆక్టోపస్, స్క్విడ్‌లకు చుట్టం ఇది. నత్తకు దూరపు బంధువు, అంతే.

— అమ్మోనైట్ అన్న మాటా ఒక దేవుడి పేరే కదా! ఈజిప్టు దేవుడు అమ్మోన్‌కు పొట్టేలు కొమ్ములుంటాయి. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ వీటిని 'అమ్మోను కొమ్ము' అన్నాడు, బంగారు రంగులో ఉంటాయనీ రాశాడు. ఆ రంగు బహుశా బంగారంలా మెరిసే పైరైట్ అనే ఖనిజం వల్ల కావచ్చు. కాస్త పక్కదారి: అప్పట్లో లిబియా అన్న ప్రాంతంలో (ఇప్పుడది ఈజిప్టులో ఉంది) అదే దేవుడి గుడి దగ్గర దొరికిందన్న ఉప్పు పేరు మీదుగా అమ్మోనియాకు ఆ పేరు వచ్చింది. ఆ దేవుడి పేరు ఇప్పటికీ మోస్తున్న ఉప్పు మనకు కొత్తదేం కాదు, కళాయి వేసేవాళ్ల నవాసాగరమే. అంటే ఇంగ్లీషువాళ్లు కూడా దేవుడి పేరున్న రాయినే పగలగొడుతున్నారు, కాకపోతే ఆ దేవుడికి పూజలు ఆగిపోయి చాలా కాలమైంది.

— ఇంగ్లండ్‌లోనే, ఈశాన్యాన ఉన్న విట్‌బీ తీరంలో ఇవి పాములు. సెయింట్ హిల్డా అనే క్రైస్తవ సన్యాసిని శపిస్తే రాళ్లైపోయాయని కథ. పాముకు తల ఉండాలి కదా, అందుకని అమ్మేవాళ్లు తలలు చెక్కిపెట్టేవారు! ఆవిడ పేరు మీదే అమ్మోనైట్‌లలో ఒక ప్రజాతికి హిల్డోసెరాస్ అని పేరుంది. సెరాస్ అంటే గ్రీకులో కొమ్ము. పాము కథ, పొట్టేలు కొమ్ము రెండూ ఒకే పేరులో ఇమిడాయి.

— నాకు సాలగ్రామం కన్నా 'శిలాజం' మీద పేచీ. జలజం నీటిలో పుట్టింది, శిలాజం రాతిలో పుట్టింది. జరిగింది అది కాదే! ముందు ప్రాణి, తర్వాత రాయి. సాలగ్రామాల గురించి చెప్పే వజ్రకీటం కథలోనూ ఇదే తిరకాసు: ముందే రాయి ఉందట, పురుగు వచ్చి చక్రం తొలిచిందట. అయినా ఆ గుర్తు ఏదో ప్రాణి పనేనని పట్టుకున్నారు, అది తక్కువ సంగతి కాదు. హిందీవాళ్ల 'జీవాశ్మ' నయం, వరస సరిగ్గా ఉంది. కన్నడంలో 'పళెయుళికె', పాత మిగులు అని. మనం బళ్లో శిలాజమనే చదువుకున్నాం, ఇప్పుడు మార్చబోతే ఎవరూ వినరు.

— అందరికీ నమస్కారం, మళ్లీ నేనే. అమ్మోనైట్‌నే ఉంచేస్తున్నాను. మొదటిసారి వచ్చినచోట "గండకిలో దొరికితే మనం సాలగ్రామమంటాం" అని ఒక్క ముక్క కలిపాను. సుత్తి వాక్యం ఇప్పుడిలా ఉంది: "గుండురాయి రెండు చెక్కలైంది. మధ్యలో అమ్మోనైట్, చుట్ట చుట్టుకుని, చెక్కుచెదరకుండా." అమ్మ ఏమీ అనలేదు.

ఇంకొక్క చిక్కుంది. గుల్ల మీద వరసగా లేచి ఉండే వాటిని మూలంలో పక్కటెముకలు అన్నాడు. నేనూ అలాగే రాసేశాను. ఎముకే లేని ప్రాణికి పక్కటెముకలేమిటి?

— 'గట్లు' అనండి. వేలితో తడిమితే పొలం గట్లలాగే తగులుతాయి.

— గట్లు బాగుంది. మార్చేశాను.