ఆఫ్‌సీజన్‌లో సముద్రపు ఒడ్డు హాస్టల్: పడకకు బదులు పని, ఒప్పుకోవచ్చా?

కొత్తచెప్పులు:
అందరికీ నమస్కారం. ఉద్యోగం మానేశాను, ఇంకోటి దొరికేలోపు కొంత ఖాళీ ఉంది. సముద్రపు ఒడ్డున ఒక హాస్టల్ వాళ్లు ఆఫ్‌సీజన్ మొత్తానికి మనిషి కావాలని ప్రకటన ఇచ్చారు. చదువుకునే పిల్లల హాస్టల్ కాదు, టూరిస్టులకు బంకు పడకలు అద్దెకిచ్చేది. జీతం లేదు. ఒక గది ఇస్తారు, వంటగది వాడుకోవచ్చు, ఇంటర్నెట్ ఉంటుంది. పని "రోజుకు రెండు మూడు గంటలు, తేలిక" అని రాశారు. గెస్టులు ఎలాగూ తక్కువే వస్తారట. ఒప్పుకోవచ్చా? చేసినవాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

మబ్బు22:
సముద్రం ఎదురుగా ఫ్రీగా ఉండమంటే ఇంకా ఆలోచిస్తారేంటండీ. బ్యాగు సర్దండి.

రాత్రికాపలా:
ఫ్రీ అన్నారు కదా, ముందు అక్కడ ఆగండి. నేను ఇలాంటి చోటే ఒక ఆఫ్‌సీజన్ అంతా చేశాను. జనం లేకపోతే పని ఉండదనుకుని వెళ్లాను. దూరపు కొండలు నునుపు. సీజన్‌లో పనంతా గెస్టుల చుట్టూ తిరుగుతుంది, సీజన్ అయిపోయాక బిల్డింగ్ చుట్టూ తిరుగుతుంది.

ఉప్పుగాలికి సెలవు ఉండదు. గోడకు పట్టిన ఉప్పు గాలిలో తేమను లాక్కుంటూనే ఉంటుంది, ఇక ఆ గోడ ఆరదు. కిటికీలు మూస్తే బూజు, తెరిస్తే ఇసుక. పరుపుల్ని బంకుల మీద అలాగే వదిలేస్తే అడుగున నల్లమచ్చలు లేస్తాయి. అందుకని ఒక్కోదాన్నీ నిలబెట్టాలి, గోడకు ఆనకుండా చూడాలి, మధ్యలో గాలాడేంత సందు వదలాలి. ముసురు పట్టిన రోజున కిటికీ తెరిస్తే తేమ ఇంకా లోపలికే వస్తుంది కాబట్టి పొడిగా ఉన్న రోజు చూసుకుని తెరవాలి. మా మెయిన్ డోర్ తాళం రాత్రికి రాత్రి బిగుసుకుపోయేది. పొద్దున్నే ఒక చేత్తో తలుపును పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో తాళంచెవి సగం తిప్పి, వెనక్కి తెచ్చి, మళ్లీ తిప్పితే గానీ వచ్చేది కాదు. ఇదంతా ఆ "రెండు మూడు గంటల"లోనే అనుకోండి.

పగలు ఒక ఎత్తు, రాత్రి ఇంకో ఎత్తు. బిల్డింగ్‌లో నేనొక్కడినే. హాస్టల్ ఫోన్ నా దిండు పక్కనే. అర్ధరాత్రి ఎవరైనా వస్తే తలుపు తీయాలి, అలారం మోగితే లేవాలి, గాలికి రేకు లేస్తే చూడాలి. ఇంకోచోట పడుకోవడానికి లేదు. ఆ గంటల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

తీరంమేడ:
నేను ఇలాంటి హాస్టలే నడుపుతున్నాను, రెండో వైపు కూడా వినండి. ఆఫ్‌సీజన్‌లో ఆదాయం పడిపోతుంది. లోను వాయిదా, పన్ను, కరెంటు కనీస చార్జీ మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. జీతమిచ్చి మనిషిని పెట్టే స్థోమత ఉంటే ఈ ప్రకటనలే ఇవ్వం. వచ్చినవాళ్లకు సీజన్‌లో డబ్బు పెట్టినా దొరకని గది ఇస్తున్నాం. పుస్తకం రాసుకునేవాళ్లు, పరీక్షకు చదువుకునేవాళ్లు సంతోషంగా ఉండి వెళ్లారు.

మనుషుల్ని నమ్మి నేను తిన్న దెబ్బలు కూడా వినండి మరి. ఒకాయన అన్నిటికీ సరేనని వచ్చి, గాలివాన రోజున తాళాలు బల్ల మీద పెట్టి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. బుక్ చేసుకున్న ఇద్దరు గెస్టులు వర్షంలో తలుపు దగ్గర నిలబడి నాకు ఫోన్ చేశారు. ఆ రాత్రి నేను ఎలా వెళ్లానో నాకే తెలుసు. ఇప్పుడేమో నిద్రపోయినందుకు కూడా జీతం ఇవ్వాలట. ఇది మాత్రం ఇక్కడే వింటున్నాను.

పానా_పట్టు:
మీ జీతాల గొడవ తర్వాత. నీళ్ల లైన్ల సంగతి ఒక్కరూ ఎత్తరేం? ఖాళీ హాస్టల్‌లో వాడని బాత్రూములే ఎక్కువ. పైపులో నీళ్లు కదలకుండా నిలబడితే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, 20 నుంచి 45 డిగ్రీల మధ్య దానికి బాగా అనుకూలం. ఆ నీటి తుంపర్లు పీలిస్తే ఊపిరితిత్తులకు పడుతుంది, ప్రాణం మీదకు వస్తుంది. వాడని కుళాయిలూ షవర్లూ కనీసం వారానికోసారి కొన్ని నిమిషాలు వదలాలి. షవర్ అయితే తల విప్పి గానీ, సంచి చుట్టి గానీ వదలండి, తుంపర్లు మొహం మీదకు రాకుండా. వేడినీళ్ల ట్యాంకు 60 డిగ్రీలకు తగ్గకూడదు. ఇదంతా తేదీలు వేసి పుస్తకంలో రాస్తున్నారో లేదో అడగండి కొత్తచెప్పులు గారూ. పుస్తకమే లేదంటే ఆ హాస్టల్‌కు వెళ్లొద్దు.

మబ్బు22:
బాబోయ్, సముద్రం చూద్దామంటే ఊపిరితిత్తుల దాకా తెచ్చారు.

రాత్రికాపలా:
తీరంమేడ గారూ, నిద్రపోయినందుకు జీతమా అని తేలిగ్గా తీసిపారేశారు. ఇదేమీ కొత్త వాదన కాదు. 2003లో యాగర్ అనే జర్మన్ డాక్టర్ కేసులో యూరోపియన్ కోర్టు ఏమందో చూడండి. ఆన్‌కాల్‌లో, అంటే పిలిస్తే వెంటనే పనిలోకి దిగాల్సిన డ్యూటీలో, ఆసుపత్రిలోనే ఉండాలన్నప్పుడు, మంచమిచ్చి పడుకోమన్నా, నిద్రపోయినా, ఆ సమయమంతా పని సమయమే అంది. హోటళ్లు, రెస్టారెంట్ల కోసమే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1991లో చేసిన 172వ ఒప్పందం కూడా పనిగంటలంటే మనిషి యజమానికి అందుబాటులో ఉన్న సమయం అనే నిర్వచించింది.

పడక ఇచ్చాం కాబట్టి జీతం అక్కర్లేదనే మాటకూ జవాబుంది. అదే సంస్థ 1949లో చేసిన 95వ ఒప్పందం ప్రకారం జీతంలో *కొంత భాగాన్ని* వస్తురూపంలో ఇవ్వొచ్చు, దానికి కట్టే విలువ న్యాయంగా ఉండాలి. మొత్తం జీతానికి బదులు మంచం చూపించమని అందులో లేదు.

తీరంమేడ:
పెద్ద పెద్ద కోర్టులు తెచ్చారు. యాగర్ తీర్పు పనిగంటల మీద వచ్చింది, జీతం మీద కాదు. ఈ రెండూ వేరు. జీతం సంగతే కావాలంటే బ్రిటన్ సుప్రీంకోర్టు 2021లో మెన్‌క్యాప్ అనే సంస్థ కేసులో ఏం చెప్పిందో కూడా రాయాల్సింది. సంరక్షణ అవసరమైనవాళ్ల ఇళ్లలో రాత్రి పడుకునే ఉద్యోగులకు, పని కోసం మేలుకున్న సమయానికే కనీస వేతనం లెక్క, నిద్రకు కాదు అంది. మీకు అనుకూలమైనది ఒక్కటే పట్టుకొస్తే ఎలా? అయినా ఆసుపత్రి డాక్టరూ, ఖాళీ హాస్టల్లో దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషీ ఒకటేనా?

రాత్రికాపలా:
మెన్‌క్యాప్ కేసులో ఆ ఉద్యోగికి రాత్రికి ఇంత అని ఒక మొత్తం ఇచ్చారు. అది సరిపోదనే ఆమె కోర్టుకెళ్లింది. మీ దగ్గర అదీ లేదు. డాక్టర్‌తో పోల్చుకున్నానని వెటకారం ఎందుకు?

గోడమీదపిల్లి:
ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది.

రాత్రికాపలా:
మీ పేరుకు తగ్గట్టే రాశారు.

ఒంటరిపక్షి:
నేనూ చేశాను. నాకు నచ్చింది, మళ్లీ చేస్తాను. కానీ మా ఓనరమ్మ వారానికి రెండు రోజులు తనే వచ్చి ఉండేది, ఆ రెండు రోజులూ నువ్వు ఎక్కడికైనా వెళ్లు తల్లీ అని పంపేసేది. అది లేకపోతే తట్టుకునేదాన్ని కాదేమో. సాయంత్రం నాలుగైపోయాక మాట్లాడే మనిషి ఉండదు. గెస్టు ఒక్కరు వచ్చినా, వాళ్లు అలసిపోయి పడుకుంటామంటున్నా, కూర్చోబెట్టి కబుర్లు చెప్పేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఇంకో మాట, వేరే దేశమైతే వీసా చూసుకోండి. చేతికి డబ్బు రాకపోయినా పడకకు బదులు పని చేస్తే దాన్ని ఉద్యోగంగానే లెక్కేసే దేశాలు చాలా ఉన్నాయి. టూరిస్ట్ వీసా మీద వెళ్లి ఇరుక్కోకండి.

పానా_పట్టు:
పైన రాత్రికాపలా గారు చెప్పిన తాళం గురించి. నూనె పోస్తున్నారా ఎవరైనా? పోయొద్దు, ఇసుకంతా దానికే పట్టుకుని ఇంకా బిగుస్తుంది. పొడి గ్రాఫైట్ వాడాలి. బయటి స్క్రూలు, గొళ్లేలు 304 రకం స్టీలైతే ఒడ్డున గోధుమరంగు మరకలు పడతాయి. 316 కావాలి, అందులో మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకు తట్టుకుంటుంది. లైన్లు వదలమన్న దాని మీద ఓనర్ గారు ఇంకా జవాబు చెప్పలేదు.

తీరంమేడ:
వదులుతున్నాం స్వామీ. వారం వారం వదులుతున్నాం.

పానా_పట్టు:
ఎవరు వదులుతున్నారు? మీరా, ఆ జీతం లేని మనిషా?

తీరంమేడ:
అక్కడున్నవాళ్లే వదులుతారు. దానికీ ఒక కేసు పెట్టండి.

నిర్వాహకుడు:
వ్యక్తిగతంగా వెళ్లకండి. అడిగినవారి ప్రశ్నకు ఉపయోగపడేలా రాయండి.

రాత్రికాపలా:
సరే, కోర్టులు పక్కన పెడదాం. తీరంమేడ గారికి ఒక్కటే ప్రశ్న. గెస్టుల్లేని రాత్రి ఆ మనిషి అక్కడ పడుకోకపోతే మీకేం నష్టం? చేసేది నిద్రే అంటున్నారు కదా. సాయంత్రం తాళం వేసి పొమ్మనండి, పొద్దున వస్తాడు.

తీరంమేడ:
అలా ఎలా కుదురుతుంది? రాత్రిపూట ఖాళీగా ఉందని తెలిస్తే కిటికీ రేకులు కూడా మిగలవు. పైపు పగిలితే పొద్దుటికి కింది అంతస్తు మునుగుతుంది. పైగా మా ఇన్సూరెన్స్‌లో షరతుంది, బిల్డింగ్ వరుసగా 30 రోజులు ఎవరూ లేకుండా ఉంటే దొంగతనం, నీటి నష్టం కవర్ కావు. మీరెవరూ ఒక్క పాలసీ కూడా చదవకుండా మాట్లాడుతున్నారు.

రాత్రికాపలా:
అంటే ఇన్సూరెన్స్ నిలబడాలంటే అక్కడ ఒక మనిషి ఉండాలి. దొంగలు రాకుండా ఉండాలంటే ఉండాలి. బిల్డింగ్ నీళ్లలో మునగకుండా ఉండాలంటే ఉండాలి. మీ ఓనర్లు ప్రకటనల్లో తుడుపు, ఊడ్పు గంటలు లెక్కపెట్టి తేలిక పని అన్నారు. మీకు కావాల్సిన అసలు పని ఊడ్పు కాదు, అక్కడ ఉండటం. దాన్నే లెక్కలో నుంచి తీసేశారు.

తీరంమేడ:
లెక్క లెక్క అంటారు. నేను ఎవరినీ కూలికి పిలవలేదు. ఇంట్లో మనిషిలా చూసుకున్నాను. జ్వరమొస్తే నేనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. నా కుర్చీ, నా పుస్తకాలు అన్నీ వాళ్లవే. ఆ తాళాలు పెట్టి వెళ్లిపోయినాయన మీద నా బాధ గెస్టుల గురించి కాదు. ఒక్క మాట చెప్పి వెళ్తే ఏం పోయింది? ప్రతిదానికీ గంటకింత అని రాసుకుంటే ఇక మనుషుల మధ్య ఏం మిగులుతుంది?

రాత్రికాపలా:
ఇంట్లో మనిషైతే తనకు నచ్చిన రోజు తాళం వేసి ఊరెళ్లొచ్చు. నేను వెళ్తానంటే మా ఓనర్ ఏమన్నాడో తెలుసా? "నిన్ను నమ్మి వదిలేశాను కదా" అన్నాడు. ఉద్యోగినైతే సెలవు అడిగేవాణ్ని, గెస్టునైతే అడగకుండానే వెళ్లేవాణ్ని. సెలవు అడిగినప్పుడు ఇంట్లో మనిషిని, పని పడినప్పుడు పనివాణ్ని అయ్యాను. మా నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు కూడా కాపలాకు మనిషి దొరికేదాకా కదలలేకపోయాను. ఆయన చెడ్డవాడు కాదు. మీలాగే ఆయనా ప్రేమగానే మాట్లాడాడు. ఆ ప్రేమ వల్లే నోరు తెరిచి అడగలేకపోయాను.

ఒంటరిపక్షి:
ఇది మొదట్లోనే రాసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు కదా.

తీరంమేడ:
మీ నాన్నగారి విషయం బాధాకరం. ఆ ఓనర్ చేసింది తప్పు, నేనైతే పంపేవాణ్ని. కానీ ఆయన చేసింది నా నెత్తిన రుద్దకండి. పెద్దవాళ్లు ఇష్టపడి ఒప్పుకున్నది దోపిడీ ఎలా అవుతుందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

రాత్రికాపలా:
ఒప్పుకునేటప్పుడు రాత్రుల సంగతి ప్రకటనలో రాయండి. "రోజుకు మూడు గంటల పని, ప్రతి రాత్రీ ఇక్కడే పడుకోవాలి, లేకపోతే మా ఇన్సూరెన్స్ చెల్లదు" అని. అది చదివి కూడా వస్తామంటే నాకేం అభ్యంతరం లేదు.

తీరంమేడ:
అలా రాస్తే ఎవరు వస్తారు?

మబ్బు22:
సార్, మీరే చెప్పేశారు.

కొత్తచెప్పులు:
అందరికీ థ్యాంక్స్. ఇదంతా చదివాక ఆ హాస్టల్ ఆయనకు మెసేజ్ పెట్టాను. వారానికి రెండు రాత్రులు నేను బయట ఉంటాను, గంటలు కాగితం మీద రాసివ్వండి, నీళ్ల లైన్ల పుస్తకం చూపించండి అని. పుస్తకం ఏంటని అడిగారు. గంటలు రాసిస్తానన్నారు. రెండు రాత్రుల గురించి మాత్రం, "ఆ రెండు రాత్రులకు ఇంకో మనిషిని పెడితే డబ్బివ్వాల్సి వస్తుంది కదమ్మా" అన్నారు. మిగతా ఐదు రాత్రుల సంగతేంటని అడిగాను, ఇంకా జవాబు రాలేదు.

తీరంమేడ:
ఆయన చెప్పినదాంట్లో తప్పేముందమ్మా? బయటి మనిషి ఊరికే ఎందుకు వస్తాడు?

పానా_పట్టు:
పుస్తకం ఏంటని అడిగారా? అయితే వెళ్లొద్దు. మొదటే చెప్పాను.