తప్పెట శబ్దాలు ప్రపంచానికి ఉచితంగా ఇచ్చేద్దామా?

హంద్రీ_ఒడ్డు:
కర్నూలు, అనంతపురం, కడప కుర్రోళ్లు చాలామంది ఇప్పుడు లాప్‌టాప్‌లోనే పాటలు కడుతున్నారు. వాళ్లు వాడే కిక్కు, స్నేరు, షేకరు లాంటి తాళ శబ్దాలు ఎక్కువభాగం ఏ దేశంవాళ్లో ఉచితంగా పెట్టినవే. వెతికితే ఆఫ్రికా జెంబే డోలు కావలసినంత దొరుకుతుంది. మన తప్పెట దొరికితే అది ఊరేగింపు వీడియోలోంచి కోసిన గరగర ముక్క. అందుకని తప్పెట విడి దెబ్బలు, అవి కలిసి నడిచే వరసలు శుభ్రంగా రికార్డు చేసి సీసీ జీరో కింద పెట్టాలని ఒక ప్రతిపాదన వచ్చింది. అంటే ఏ హక్కూ మిగుల్చుకోకుండా, ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చని వదిలేయడం. చేయొచ్చా, కూడదా? మన సంస్కృతి గొప్పదన్న మాట ఇక్కడ అందరికీ తెలుసు, అది వదిలేసి కారణాలు చెప్పండి.

పెన్న_గట్టు:
చేయాలి, అదీ సీసీ జీరోనే. వ్యాపారానికి వాడొద్దని షరతు పెట్టామనుకోండి. యాడ్ వచ్చే యూట్యూబ్ వీడియో వ్యాపారమా కాదా అని తేల్చేదెవరు? ఎందుకొచ్చిన గొడవని పక్కన పడేస్తారు. పోనీ పేరు చెప్పమందామా అంటే, ఒక పాటలో యాభై అరవై శబ్దాలుంటాయి, అవన్నీ ఎవరివో రాయడానికి స్ట్రీమింగ్ యాప్‌లో చోటే లేదు. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో మొదలుపెట్టిన ఫ్రీసౌండ్ అనే ఉచిత శబ్దాల వెబ్‌సైట్‌లో ఈ మూడు రకాల లైసెన్సులూ ఉన్నాయి. తొందరలో ఉన్నవాడు షరతు లేనిదే ముందు దించుకుంటాడు. తీసుకునేటప్పుడు విశ్వపౌరులం, ఇచ్చేటప్పుడు మాత్రం పొలిమేర రాయి పాతుకుంటామా?

గుత్తికోట:
ఇచ్చేది ఎవరి సొత్తప్పా? లాప్‌టాప్ ఉన్నోడు విశ్వపౌరుడు, కొట్టినోడు ‘శాంపిల్ 14’.

1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రాన్స్ బృందం ఒక జోలపాటను కీబోర్డు మీద కూర్చి ప్రపంచమంతా అమ్మింది. ఆ గొంతు సోలమన్ దీవుల్లోని అఫునాక్వా అనే ఆవిడది. పరిశోధన కోసం దాన్ని రికార్డు చేసింది హ్యూగో జెంప్, విడుదలైంది యునెస్కో సంకలనంలో. తాను దానికి ఒప్పుకోలేదని జెంప్ తర్వాత రాశాడు. విన్నవాళ్లలో చాలామంది అది మధ్య ఆఫ్రికా అడవి పాట అనుకున్నారు. అందులో హక్కులంటూ కొన్నైనా మిగిలి ఉన్నాయి కాబట్టి వాదన జరిగింది. సీసీ జీరో పెట్టినాక వాదించడానికి ఏముంటుంది? ఒకసారి వదిలితే వెనక్కి తీసుకోవడం లేదు.

తుంగభద్ర_కాలవ:
ఇద్దరూ చట్టం దగ్గర జారుతున్నారు. సంప్రదాయ వరసకు కాపీరైట్ లేదు, నిజమే. కానీ కొట్టినవాడికి వేరే హక్కుంది. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్లు. రికార్డింగు హక్కు, అంటే రికార్డు చేయించినవాడిది, 60 ఏళ్లు. రెండూ వేర్వేరు. 2012 సవరణతో 38బి వచ్చింది: హక్కులు రాసిచ్చేసినా సరే, ఫలానావాడే కొట్టాడని చెప్పించుకోవడానికీ, పరువు పోయేలా వికృతం చేస్తే అడ్డుకోవడానికీ కళాకారుడికి వీలుంటుంది. వాడే తీరునుబట్టి పేరు చెప్పడం కుదరని చోట మాత్రం మినహాయింపు.

జనం బోల్తాపడేది 19వ సెక్షన్ దగ్గర. ‘నా వాయిద్యం వాడుకోవచ్చు’ అని ఒక్క ముక్క రాయించుకుని సంతకం పెట్టిస్తారు. కాగితంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లకే అనుకుంటుంది. ఏ దేశాలకో రాయకపోతే భారతదేశానికి మాత్రమే. ప్రదర్శకుల హక్కుకూ ఇదే వర్తిస్తుందని 39ఏ చెబుతుంది. చేతిలో ఉన్నది అయిదేళ్ల, ఒక దేశపు అనుమతి. ప్రపంచానికి ప్రకటించింది శాశ్వత దానం. లేనిది దానం చేసినట్టే కదా.

కాబట్టి కాగితం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, వినిపించడం వీడియో తీయాలి. ఏ వరసలు, ఎంత డబ్బు, ‘హక్కు ఉన్నంతకాలం, ప్రపంచమంతటా’ అన్న మాట, పేరు వేయాలా వద్దా, ఏఐకి నేర్పడానికి కూడా వాడతారన్న సంగతి, ఇవన్నీ అందులో రావాలి. ఆఖరిది దాచిపెడితే అనుమతి తీసుకున్నట్టు కాదు.

కొండారెడ్డి_బురుజు:
ఇంత కాగితం చూస్తే తప్పెటాయన లేచి పోతాడు సామీ.

తుంగభద్ర_కాలవ:
ఒక్క పేజీ అన్నా. ట్రాక్టర్ అప్పు కాగితం కంటే చిన్నదే.

సంగటి_ముద్ద:
హక్కుల సంగతి మీరు తేల్చండి. రికార్డింగు చెడితే ఉచితంగా పెట్టినా ఎవరూ ముట్టరు, కాబట్టి ఆ పని చెబుతాను.

ముందు తోలు. సెగ చూపించగానే బిగుస్తుంది, చల్లారేకొద్దీ శ్రుతి దిగుతుంది. చాలామంది నడిమి దెబ్బలన్నీ అయ్యాక అంచు దెబ్బలకు పోతారు. అప్పుడు మొదటి ఫైలుకూ చివరి ఫైలుకూ శ్రుతి కలవదు, రెండు వేర్వేరు తప్పెటలనిపిస్తుంది. ఒక్కో కాకకు అన్ని రకాల దెబ్బలూ ఒక విడత కొట్టించి, మళ్లీ సెగ పెట్టి, రెండో విడతకు పోవాలి. విడత మొదట్లో, చివర్లో ఒకే దెబ్బ గుర్తుగా కొట్టిస్తే తేడా ఎంతో తెలిసిపోతుంది.

లావు పుల్ల నడుమ, లావు పుల్ల అంచున, సన్న పుల్ల, చేత్తో అదిమి కొట్టిన మూగదెబ్బ: నాలుగు రకాలు. ఒక్కోటి నాలుగు బలాల్లో, బలానికి ఆరేసి సార్లు. మొత్తం 96 దెబ్బలు. ఆరుసార్లు ఎందుకంటే, ఒకే ఫైలు మళ్లీమళ్లీ మోగితే చెవి వెంటనే పట్టేస్తుంది, మిషను కొట్టినట్టుంటుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు, దెబ్బకు 2 సెకన్లు లెక్కేసినా రెండు మైకులకూ కలిపి 55 ఎంబీ చిల్లర.

ఒక మైకు ముందు, మీటరు దూరంలో, కాస్త పక్కకు వాల్చి. రెండోది వెనక, తోలు లోపలివైపుకు. తోలు ముందుకు పోయినప్పుడు వెనక్కి గాలి లాగుతుంది కాబట్టి వెనక మైకు పొలారిటీ (తరంగం ఎత్తుపల్లాల దిశ) తిప్పకపోతే రెండూ కలిపినప్పుడు గుమ్మదనం మాయం. ‘మైకు మంచిది కాదు’ అనే ఫిర్యాదు చాలాసార్లు ఇదే. ఎంత గట్టి దెబ్బయినా రికార్డరు లెవెల్ మీటరులో మైనస్ 6 డెసిబెల్ దాటొద్దు. ఫోనుతో తీస్తే ఆటో గెయిన్ (శబ్దం స్థాయిని ఫోనే తగ్గించి పెంచడం) ఆపే యాప్ వాడండి, లేకుంటే పెద్ద దెబ్బ పడ్డాక తోక కుంచించుకుపోయి మళ్లీ ఉబ్బుతుంది. సిమెంటు గది వద్దు. తెల్లవారుజామున గాలి లేనప్పుడు, బోరు మోటారు ఆగినప్పుడు, పొలం మేలు. మోటారు 50 హెర్ట్జ్ రొద తర్వాత తీసేయబోతే తప్పెట అడుగుశబ్దం కూడా కొంత పోతుంది.

వరసల విషయంలో దయచేసి గ్రిడ్‌కు, అంటే సాఫ్ట్‌వేర్ గీసే సమాన గీతలకు, గుంజకండి. 120 బీపీఎంలో, అంటే నిమిషానికి 120 బీట్ల వేగంలో, ఒక బీటు 500 మిల్లీసెకన్లు. మూడుగా విరిగే నడకలో రెండో దెబ్బ 167 దగ్గర పడుతుంది, నాలుగుగా విరిచే గ్రిడ్ దాన్ని 125కు లాగేస్తుంది. నడక చచ్చిపోయి కవాతు అవుతుంది. వేగం ఎక్కడెక్కడ ఎంతో చెప్పే టెంపో మ్యాప్ ఫైలు పక్కన పెడితే చాలు, కావలసినవాడు తన పాటనే తప్పెటకు సర్దుకుంటాడు.

పెన్న_గట్టు:
సంగటి చెప్పినదాంట్లోనే ఒక దారుంది. విడి దెబ్బ వేరు, వరస వేరు. విడి దెబ్బ పనిముట్టు, దాన్ని సీసీ జీరోకు వదలొచ్చు. వరసలో ఆ మనిషి చేయి ఉంది, దానికి పేరు చెప్పాలనే షరతు పెడదాం. డబ్బు మాత్రం ముందే. రోజు కూలి లెక్కన కాదు, పెళ్లికి పిలిస్తే ఆ మేళం ఎంత తీసుకుంటుందో అంత.

గుత్తికోట:
సగం ఒప్పుకుంటా. ఆ వరసల్లో చావు మేళానివి ఉన్నాయి, జాతరలో దేవర ముందు కొట్టేవి ఉన్నాయి. అనంతపురం ఉరుములకైనా, కర్నూలు గొరవయ్యల డమరుకానికైనా ఇదే మాట. ఏది బయటికి పోవచ్చో చెప్పాల్సింది వాళ్లు, మనం కాదు. ఇంకోటి: ఎవడో మన వరసను తన పాటలో పెట్టి కంటెంట్ ఐడీకి, అంటే ఒకే శబ్దాన్ని తనే గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థకు, ఎక్కిస్తే, రేపు ఆ మేళంవాళ్ల సొంత వీడియో మీదనే క్లెయిమ్ పడుతుంది. అందరికీ ఉచితమైన శబ్దాన్ని అట్లా ఎక్కించడం యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధమే, అయినా పడతాయి. దానికి జవాబిచ్చేదెవరు?

తుంగభద్ర_కాలవ:
ఫైళ్లు పెట్టినవాళ్లే ఇవ్వాలి. కోయని అసలు ఫైళ్లు, సంతకం కాగితం, మొదట పెట్టిన తేదీ ఉన్న లింకు ఒకచోట ఉంచి, మేళంవాళ్లకూ ఒక పెన్‌డ్రైవ్ ఇస్తే క్లెయిమ్‌ను ఎదుర్కోవడం తేలిక. పేరు విషయంలో ఒక జాగ్రత్త. తప్పెట చుట్టూ కులం ఉంది. కొందరికి ఊరు, పేరు గర్వంగా వేయించుకోవాలని ఉంటుంది, కొందరికి ఆ గుర్తింపు ఇంటర్‌నెట్‌లో శాశ్వతంగా ఉండటం ఇష్టముండదు. ఫైలుతో పాటు ఉండే వివరాల్లో (మెటాడేటాలో) కులం గడి అసలు పెట్టొద్దు.

పెన్న_గట్టు:
కులం రాయకపోతే ఆ కళను ఇన్నాళ్లు మోసిందెవరో కూడా చెరిగిపోతుంది కదన్నా. అది కూడా దొంగతనమే.

గుత్తికోట:
అది మాత్రం నువ్వూ నేనూ తేల్చేది కాదు. అడగాల్సినోళ్లు ఈ చర్చలో లేరు.

హంద్రీ_ఒడ్డు:
అయితే కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంచుదాం, వాళ్లే చెప్పి నింపిస్తారు. విడి దెబ్బల 96 ఫైళ్లకు పేర్లు ఎట్లా పెట్టాలో సంగటి ఒక పట్టిక వేస్తే, మిగతా తగువు వరసల దగ్గర కొనసాగిద్దాం.