ఊహాలోకానికి బొమ్మల పుస్తకం, పటం: సలహాలు కావాలి

ప్రశ్న (గుణుపురం, రాయగడ జిల్లా)

అందరికీ నమస్కారం. మా వీధి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు బొమ్మల పుస్తకం చేతికిద్దామంటే ఇక్కడ దొరకదు. అందుకే సాయంత్రాలు నేను చెప్పే కథల్లోని దేశాన్నే ఒక పుస్తకంగా వేద్దామని కూర్చున్నాను. సముద్రం ఒడ్డున ఉప్పురేవు, వెనక కొండలు, కొండమీద ఎలుగుబంట్లు జరిపే సంత, మూడు నదులు. 24 పేజీలు, మధ్యలో పటం. పటం సగం అయింది, ఫొటో పెట్టాను. చూసినవాళ్లు బొమ్మలు బాగున్నాయంటున్నారు గానీ, అలాంటి దేశం ఉంటుందని అనిపించట్లేదట. తేడా ఎక్కడుంది? ఏ సైజులో గీయాలి? కంప్యూటర్లో పేర్లు కొడితే ఒత్తులు విడిపోయి పక్కకు పడుతున్నాయి, దానికేం చేయాలి?

జవాబు (పర్లాకిమిడి)

అమ్మా, ఎలుగుల సంత చూసి చాలా సంతోషించాను. గొడుగు కింద కూర్చున్న ఆ ముసలి ఎలుగుని మాత్రం మార్చకండి. తేడా నదుల దగ్గరుంది. మీ పటంలో ఒకే ఏరు కొండ దిగి మూడుగా చీలి మూడు దిక్కులకు పోతోంది. నీళ్లు అలా పోవు. పైనుంచి వచ్చే ఏరులు ఒకదాన్లో ఒకటి కలుస్తూ దిగుతాయి. పాయలుగా చీలేది ఎక్కువగా సముద్రం దగ్గర, నేల బల్లపరుపుగా ఉన్నచోట. మీ ఊరి వంశధారనే తీసుకోండి. మా ఊరి పక్కన పారే మహేంద్రతనయ కూడా శ్రీకాకుళం జిల్లాలోకి దిగి అందులోనే కలుస్తుంది. ఆ నీళ్లన్నీ కళింగపట్నం దగ్గర సముద్రం చేరతాయి. మీ మూడు నదులనూ అలా కలపండి, సగం పని అయిపోతుంది.

నదులు కుదిరాక ఊళ్లు ఎక్కడుండాలో అవే చెబుతాయి. రెండు ఏరులు కలిసేచోట ఒక ఊరు, పడవ ఇక పైకి పోలేనిచోట ఒక ఊరు, ఘాటీ (కొండ ఎక్కే దారి) మొదలయ్యేచోట ఒక ఊరు. మీ ఎలుగుల సంత శిఖరం మీదుంది. అక్కడికి ఉప్పు మోసుకుంటూ ఎవరెక్కుతారు? చింతపండు, పసుపు, కొండచీపుళ్లు దిగే దారీ, రేవునుంచి ఉప్పు ఎక్కే దారీ కలిసే కొండమొదట్లో పెట్టండి. మన ఏజెన్సీ సంతలు చాలావరకు అలాంటి చోట్లలో జరిగేవే గదా.

ఇంకొకటి, దూరాలు. మైదానంలో మనిషి రోజుకు పాతిక, ముప్ఫై కిలోమీటర్లు నడుస్తాడు. కొండదారిలో అందులో సగం అనుకోండి. పటంలో ఒక సెంటీమీటరుకు ఎన్ని కిలోమీటర్లో ముందే ఖాయం చేసుకుని, దారి వంపుల వెంట నూలుదారం పరిచి, ఆ దారాన్ని స్కేలు మీద కొలవండి. కథలో 'మూడు రోజులు నడిచి' అని ఉంటే పటంలోనూ మూడు రోజుల దూరం ఉండాలి. పిల్లలు ఇవన్నీ వేలుపెట్టి లెక్కేస్తారు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ, నదులు మళ్లీ గీస్తాను. ఎలుగులకు సొంత లిపి ఒకటి చేద్దామనుంది. అంచుల్లో ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల గోడబొమ్మలు వేయవచ్చా?

జవాబు (పర్లాకిమిడి)

లిపి తప్పకుండా చేయండి. మన కొండల్లోనే జరిగిన పని అది. సవర భాషకు మంగై గొమాంగో 1936లో సొరాంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారు. ఇప్పుడది యూనికోడ్‌లో (కంప్యూటర్లు అన్ని లిపులకూ వాడే అక్షరాల పట్టికలో) కూడా ఉంది. ఊరి పేర్లకూ ఒక పద్ధతి పెట్టుకోండి. మన దగ్గర పేరు చివర వలస, పేట, గుడ అని ఉంటే అది ఎలాంటి ఊరో కొంత తెలిసిపోతుంది. మీ దేశంలో ఏరుకు ఒక తోక, కొండకు ఒక తోక ఖాయం చేసి ఒక నోటుబుక్కులో రాసుకోండి.

గోడబొమ్మల సంగతి వేరు. ఇడితాల్ అనేది సవరలు దేవతలకూ పెద్దలకూ మొక్కుగా ఇంటిగోడ మీద వేసేది, అందులో ప్రతి బొమ్మకూ పని ఉంటుంది. దాన్ని అంచుకు అలంకారంగా దించడం నాకు నచ్చదు. ఆ దేశంలో పండే పంటలు, పక్షులు గీయండి, అంచు నిండిపోతుంది.

జవాబు (బరంపురం, ప్రెస్సులో డీటీపీ పని)

అక్కా, ప్రింటు సంగతి నేను చెబుతాను. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయి. 24 పేజీలంటే ఎ4 కాగితాలు ఆరు, సగానికి మడిచి. అట్ట వేరే. సరిగ్గా నడిమధ్య, అంటే 12, 13 పేజీలు ఒకే కాగితం మీద వస్తాయి కాబట్టి పటం అక్కడే వేయండి. పిన్నులు, మడత పడే గీత మీద ఊరి పేరు గానీ ముసలి ఎలుగు మొహం గానీ రాకూడదు.

చేత్తో గీసేది ఎ3 మీద గీసి ఎ4కి తగ్గించండి, గీతలు నీటుగా వస్తాయి. కానీ 71 శాతానికి తగ్గుతుంది, అర మిల్లీమీటరు గీత 0.35 అవుతుంది. సన్నపెన్ను వాడితే వెలిసిపోయినట్టుంటుంది. పేర్లు బొమ్మ మీద రాయొద్దు, స్కాన్ చేశాక టైపు చేయండి. ఫైలు ఎ4 సైజుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే 3508 × 2480 పిక్సెళ్లు. కటింగ్ కోసం చుట్టూ మూడు మిల్లీమీటర్లు రంగు బయటికి ఉంచండి.

ఒత్తులు విడిపోయేది పాత వెర్షన్ ఫొటోషాప్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టి, మూసి మళ్లీ తెరిచి, కొత్త ఫైలులో కొట్టండి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో యూనికోడ్ తెలుగు సరిగ్గానే వస్తుంది. కొండలవరస మీద పేరు సాగదీసి రాయాలంటే లెటర్ స్పేసింగ్ జోలికి పోకండి, కొన్ని ఫాంట్లలో గుణింతాలు చెదిరిపోతాయి. ఒక్కో అక్షరాన్ని ఒత్తుతో సహా విడిగా కొట్టి, వంపు వెంట ఒక్కొక్కటిగా పేర్చండి. ఎనిమిది పాయింట్లకు తక్కువైతే ఒత్తులు మసకబారతాయి. ప్రెస్సుకిచ్చే కాపీలో అక్షరాలన్నీ పాత్‌గా (ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా) మార్చండి, మార్చని కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

పేర్లు ఒడియాలో కూడా వేయనా? కొందరు పిల్లలకు తెలుగు చదవడం ఇంకా రాదు.

జవాబు (బరంపురం)

వేయండక్కా, కానీ పటం మీద కాదు, ఇరుకైపోతుంది. పటంలో ప్రతి ఊరికీ ఒక అంకె ఇచ్చి, ఆఖరి పేజీలో ఆ అంకెల పక్కన తెలుగు, ఒడియా రెండూ వేయండి. లోపలి పేజీలకు 90 జీఎస్ఎం (చదరపు మీటరుకు 90 గ్రాముల) మ్యాప్‌లిథో కాగితం చాలు. మొత్తం అచ్చుకిచ్చే ముందు ఒక్క కాపీ తీయించి, పిన్ను కొట్టించి, ఆ పిల్లల్లో ఎవరికైనా ఇచ్చి ఉప్పురేవునుంచి సంతకు దారి వెతకమనండి. వాళ్లు తడబడినచోట గుర్తు పెట్టి ఫొటో ఇక్కడ పెట్టండి, చూస్తాను.