ముసలకమా, ముషలకమా?

సీతమ్మధార నుంచి:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. బడిలో జరిగే వైజ్ఞానిక ప్రదర్శన కోసం ఖాళీ డబ్బా, బెలూను రబ్బరు, పాత సీడీలతో చిన్న స్టర్లింగ్ ఇంజన్ తయారుచేస్తున్నాము. భాగాల పేర్లన్నీ తెలుగులోనే ఉండాలని తన పట్టుదల. పిస్టన్ దగ్గరకు వచ్చేసరికి, ఇంటర్ రోజుల నుంచి చెవిలో ఉండిపోయిన "ఘర్షణ లేని ముషలకం" అన్న మాట గుర్తుకు వచ్చింది కాని, అది షకారమో సకారమో తేల్చుకోలేకపోతున్నాను.

గాజువాక నుంచి:
సకారమే అండీ. అమరకోశం రోకలిని 'అయోగ్రం', 'ముసలం' అంటుంది. కొసన ఇనుము గలది అయోగ్రం, అంటే మన రోకలి పొన్నే. ముసలానికి అల్పార్థంలో 'క' చేరితే చిన్న రోకలి, ముసలకం. "ఇంట్లో ముసలం పుట్టింది" అనేటప్పుడు ఎవరమూ షకారం పలకము.

ఎం.వి.పి. కాలనీ నుంచి:
సంస్కృతంలో ముసల, ముశల, ముషల మూడూ ఉన్నాయి కనుక షకారాన్ని తప్పు పట్టలేము. ఆ జాతీయం వెనుక ఉన్న కథకు పోతనగారి ఏకాదశ స్కంధం చూడవచ్చు.

గాజువాక నుంచి:
ఏకాదశ స్కంధం పోతనగారిది కాదు, వెలిగందల నారయది. సాంబుడి కడుపున పుట్టిన ఇనుప రోకలిని పొడిచేసి సముద్రంలో కలిపినా, ఆ పొడే తుంగగా మొలిచి యాదవుల చేతుల్లో ఆయుధమైన ఘట్టాన్ని నేను తిక్కనగారి దగ్గరే చదువుతాను. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు నడిపిన ఆ చేయి ఇంత చిన్న పర్వంలోనూ అలసినట్టు నాకెన్నడూ తోచలేదు. పర్వం పేరు మౌసలం, అక్కడా సకారమే.

భీమిలి నుంచి:
తిక్కనగారి పద్యంలో 'ముసల' పాదం మొదట పడి, రెండో అక్షరం ప్రాసస్థానంలో నిలిచిన చోటు చూపిస్తే నేను ఒప్పుకుంటాను. యతి సాక్ష్యం చాలదు. శ, ష, సలకు పరస్పరం మైత్రి ఉంది.

మల్కాపురం నుంచి:
ఓడల ఇంజన్ల మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి కనుక అక్షరం కంటే అర్థం గురించి నాకు బెంగ. రాబర్ట్ స్టర్లింగ్ 1816లో పేటెంటు పొందిన ఈ ఇంజన్ నమూనాలో కదిలేవి రెండు. డబ్బా లోపలి డిస్‌ప్లేసర్ గాలిని వేడి అడుగు నుంచి చల్లని పైభాగానికి, మళ్ళీ కిందికి తరలిస్తుంది. వేడెక్కి వ్యాకోచించిన గాలి పైనున్న రబ్బరు పొరను నెడుతుంది. మీ నమూనాలో పిస్టన్ ఆ పొరే కనుక అది ఏ విధంగానూ రోకలి కాదు. డిస్‌ప్లేసర్‌కు మాత్రం గోడ చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. రోలు గోడను రాసుకోకుండా పైకీ కిందికీ ఆడే రోకలి అదే కదా! దాన్ని 'స్థానభ్రంశకం' అనడం నాకు నచ్చదు; భ్రంశంలో జారిపడడం ఉంది, ఇక్కడ గాలి జారిపడడం లేదు. అన్నట్టు, రెండు క్రాంకుల మధ్య 90 డిగ్రీలు ఉన్నాయా? డిస్‌ప్లేసర్ తీగ రబ్బరు రంధ్రంలో పట్టేయకుండా, గాలి కూడా కారకుండా చూడండి. "ఘర్షణ లేని" అన్న విశేషణం విలువ అక్కడ తెలుస్తుంది.

గాజువాక నుంచి:
అర్థం ఎటు మారినా అక్షరం సకారమే.

సీతమ్మధార నుంచి:
క్రాంకులు సరిచేశాము, కొవ్వొత్తి మీద సీడీలు తిరిగాయి. అమ్మాయి డిస్‌ప్లేసర్ పక్కన 'రోకలి' అని రాసింది. పిస్టన్ దగ్గర 'ము', 'లకం' రాసి మధ్యలో ఒక అక్షరానికి చోటు వదిలింది. ప్రదర్శన సోమవారం, భీమిలివారు అడిగిన పద్యం ఎవరికైనా ఈలోగా దొరికితే దయచేసి తెలపండి.