ఎం.ఎస్సీ. బోటనీ మొదటి ఏడాది, వరంగల్: ల్యాబ్‌లోకి ఎలా వెళ్లాలి? మీకు జరిగింది చెప్పండి

మిర్చిచేను
అందరికీ నమస్కారం. మాది నర్సంపేట వైపు పల్లె. నాన్న రెండెకరాల్లో మిర్చి వేస్తాడు. ఈ ఏడాదే వరంగల్‌లో ఎం.ఎస్సీ. బోటనీలో చేరాను. మా ఇంట్లో పీజీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. రీసెర్చ్ చేయాలని చాలా ఆశ. కానీ డిగ్రీలో ప్రాక్టికల్స్ అంటే రికార్డు రాయడమే, డీఎన్ఏకు కాపీలు తీసే పీసీఆర్ మెషిన్‌ను బొమ్మలోనే చూశాను. "రెండో ఏడాది ప్రాజెక్టు డబ్బులు కడితే చేసి ఇచ్చేవాళ్లున్నారు, టెన్షన్ పడకు" అని ఒకరిద్దరు చెప్పారు. అది నాకు మనసొప్పడం లేదు. సార్లను ఎలా అడగాలి? పీహెచ్‌డీ ఫెలోషిప్ కోసం రాసే నెట్ పరీక్షకు ఇప్పటినుంచే చదవాలా? ఈ దారిలో వెళ్లినవాళ్లు కొంచెం చెప్పండి.

కాజీపేట జంక్షన్
చెల్లె, సరైన సమయానికి అడిగావు. దసరా అయిపోయింది కాబట్టి ముందు ఒక పని చెయ్యి. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా, ప్రయాగ్‌రాజ్‌లోని నాసి, ఈ మూడు అకాడమీలు కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. ఎంట్రెన్స్ ఉండదు. మార్కులు, ఏం చేయాలనుందో నువ్వు రాసిన చిన్న వ్యాసం, నిన్ను ఎరిగిన టీచర్ ఇచ్చే లెటర్ చూస్తారు. ఎంపికైతే ఎండాకాలంలో రెండు నెలలు మంచి సంస్థలో పని, స్టైపెండ్, రైలు చార్జీ. దరఖాస్తు మామూలుగా నవంబరులో ముగుస్తుంది. మొదటి ఏడాదిలోనే పెట్టాలి, రెండో ఏడాదిలో ఉన్నవాళ్లను తీసుకోరు. నాకు ఈ సంగతి రెండో ఏడాది జనవరిలో తెలిసింది. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ల్యాబ్‌లో పని అడుగుతూ సైంటిస్టులకు రాసే మెయిల్స్ గురించి: మొదట్లో నేను ఒకటే మెయిల్ పేర్లు మార్చి ముప్పై మందికి పంపాను. ఒక్కరూ పలకలేదు. తర్వాత హైదరాబాద్‌లో ఒక సైంటిస్ట్ రాసిన పేపర్‌ను మూడు రోజులు పట్టుకుని కూర్చున్నాను. అందులో ఒక బొమ్మ దగ్గర నాకు అర్థం కానిదేదో అదే అడుగుతూ ఆరు లైన్లు రాశాను. "వచ్చి కలవండి" అని జవాబు వచ్చింది. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి కలిశాను. పేపర్లు కొనాలేమో అని భయపడకు. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద 2025 జనవరి నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో 13,000 జర్నల్స్ దాకా ఉచితంగా చదువుకోవచ్చు. లైబ్రరీలో అడుగు.

నల్లతామర
నాన్నది మిర్చి అన్నావు కాబట్టి నా సంగతి చెప్పకుండా ఉండలేను. మాది మహబూబాబాద్ వైపు. 2021లో మా చేన్లో పూతంతా రాలిపోయింది. చేసింది నల్ల తామర పురుగు, శాస్త్రీయ నామం థ్రిప్స్ పార్విస్పినస్. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరులో బొప్పాయి మీద. ఆరేళ్లలో మా గట్టు దాటి వచ్చింది. పూవు లోపల దాక్కుంటుంది కాబట్టి పైన ఎంత మందు కొట్టినా దానికి సరిగా తగలదు. నాన్న అప్పు చేసి మరీ కొట్టాడు.

అప్పుడు నేను జువాలజీ చదువుతున్నాను. పరికరాలు లేవని మా మేడమ్ దగ్గర వాపోయాను. "పురుగు మీ చేన్లోనే ఉంది కదా, ముందు లెక్కపెట్టు" అన్నారు. అంతే, ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి చేన్లో ఉండేవాణ్ని. నాలుగు మూలలు, నడిమధ్య. ఒక్కో చోట ఐదు మొక్కలు, మొక్కకు రెండు పూలు. పూవును తెల్లకాగితం మీదికి వంచి వేలితో మెల్లగా తట్టాలి. మొదట పుప్పొడి పడుతుంది, ఏమీ లేనట్టే ఉంటుంది. కాస్త ఆగితే ఆ పొడిలోంచి నల్లని గీతలు నడవడం మొదలుపెడతాయి. మిల్లీమీటరు పైచిలుకు ఉంటాయంతే. నల్లగా ఉండేవి ఆడవి. మగవి, పిల్లపురుగులు పసుపు రంగు, అవి పుప్పొడిలో కలిసిపోయి కనబడవు. మొదటి రెండు వారాలు నేను వాటిని లెక్కే వేయలేదు. లెన్స్ కొన్నాకే తెలిసింది.

ఇంకో పెద్ద తప్పు కూడా చేశాను, నువ్వు చేయకు. మ్యూజియం సీసాల్లో చూసిన అలవాటుతో పురుగులన్నీ ఫార్మలిన్‌లో వేశాను. మూడు నెలల పని. తర్వాత డీఎన్ఏ తీద్దామంటే రాలేదు. ఫార్మలిన్ డీఎన్ఏను ప్రొటీన్లతో కలిపి బిగించేస్తుంది, ముక్కలు కూడా చేస్తుంది. 95 శాతం ఆల్కహాల్‌లో వేసి చల్లగా దాచాల్సింది. కానీ లెక్కలు రాసిన నోట్‌బుక్ మిగిలింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఒక ల్యాబ్ వాళ్లు దాన్ని ఒక్కో పేజీ తిప్పి చూసి రెండు నెలలు పనికి రమ్మన్నారు. నా మార్కుల మెమో అడగనే లేదు.

శనిగరం అక్క
నెట్ గురించి నేను చెప్తాను. సీఎస్ఐఆర్ (కేంద్ర సైన్స్ పరిశోధన మండలి) పెట్టే నెట్‌లో లైఫ్ సైన్సెస్ పేపర్ 200 మార్కులు, మూడు గంటలు. పార్ట్ సి లో 75 ప్రశ్నలిచ్చి 25 చేయమంటారు, ఒక్కోదానికి 4 మార్కులు. తప్పయితే పావు వంతు పోతుంది. 13 యూనిట్లూ చదవాలని కూర్చుని మొదటిసారి నేను మునిగాను. రెండోసారి మాలిక్యులర్ బయాలజీ, ప్లాంట్ ఫిజియాలజీ, ఎకాలజీ, ఎవల్యూషన్, మెథడ్స్ గట్టిగా పట్టుకున్నాను, బయటపడ్డాను. పార్ట్ సి లో ఎక్కువగా ఒక ప్రయోగం చూపించి ఫలితం ఏమిటంటారు. డీఎన్ఏ ముక్కలను వేరుచేసి చూసే జెల్‌ను చేత్తో పోసినవాళ్లకు అది సగం తేలికవుతుంది. అందుకే ల్యాబ్ వేరు, నెట్ వేరు అనుకోకు.

నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఈ అంకె ఇంట్లో చెప్పు. మా నాన్న "పీహెచ్‌డీ అంటే ఐదేళ్లా, మరి పెళ్లి?" అని రోజూ అడిగేవాడు. ఎంత చెప్పినా వినలేదు. ఫెలోషిప్ కాగితం తెచ్చి చేతిలో పెడితే అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత నన్ను సికింద్రాబాద్‌లో హాస్టల్‌కు తనే దింపి వెళ్లాడు.

గురుకులం టీచర్
ఒక మాట. అందరూ పీహెచ్‌డీయే చేయాలని లేదు. నేను ఎం.ఎస్సీ. తర్వాత బీఈడీ చేసి గురుకులంలో చెప్తున్నాను, సంతోషంగా ఉన్నాను. అయితే నా ప్రాజెక్టు నేనే చేసుకున్నాను. టిష్యూ కల్చర్, అంటే మొక్క ముక్కను సీసాలో పెంచడం. దానికి పోషకాలుండే ఎంఎస్ మీడియం, పీహెచ్ 5.8, క్రిములు చచ్చేలా ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి. మొదటి ఇరవై సీసాల్లో పదహారు బూజు పట్టాయి. ఎందుకు పట్టాయో వెతకడానికే నెల పట్టింది. చివరికి చూస్తే లామినార్ ఫ్లోలో (వడకట్టిన గాలి వీచే బల్ల) నా మోచెయ్యి సీసా మూతుల మీదుగా పోతోంది. ఆ నెల నేర్చుకున్నది ఇవాళ పిల్లలకు చెప్పగలుగుతున్నాను. కొన్న ప్రాజెక్టు అయితే ఏం చెప్పేవాణ్ని? డబ్బు తీసుకుని వారంలో పేపర్ వేస్తామనే జర్నల్స్ జోలికి కూడా పోకు. నేను నాలుగు వేలు కట్టాను. ఇంటర్వ్యూలో ఆ జర్నల్ పేరు చూసి పక్కన పెట్టేశారు.

పాకాల గట్టు
నేను రిటైర్డ్ లెక్చరర్‌ను. కాకతీయ యూనివర్సిటీ 1976లో ఏర్పడిన కొత్తలో ఇక్కడ చదివినవాణ్ని. అమ్మా, బోటనీ చదివేవాళ్లకు పాకాల ఇంత దగ్గర ఉండటం అదృష్టం. గణపతిదేవుని కాలపు చెరువు, చుట్టూ అడవి. నల్లమద్ది, ఇప్ప, తునికి, మోదుగు అన్నీ ఒక్క పూటలో చూడొచ్చు. అభయారణ్యంలో కొమ్మ కోయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, మీ చేను గట్టు మీద మొక్కలకు అక్కర్లేదు. హెర్బేరియం, అంటే మొక్కలను ఎండబెట్టి దాచడం, అక్కడే మొదలుపెట్టు. పాత న్యూస్‌పేపర్ల మధ్య కొమ్మ పరిచేటప్పుడు ఒక ఆకును తిరగేసి పెట్టు, అడుగు భాగం కనబడాలి. కాగితాలు రోజూ మార్చు, వానల్లో రెండు పూటలా. పూవు రంగు అక్కడికక్కడే రాసుకో, ఎండితే పోతుంది. మీ ఊళ్లో పెద్దవాళ్లు ఆ మొక్కను ఏమంటారో కూడా రాయి. ఆ పేర్లు తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు, నాకు అన్నిటికన్నా దిగులు అదే.

మిర్చిచేను
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న ఆదివారం ఊరికి వెళ్లాను. నల్లతామర అన్న చెప్పినట్టే యాభై పూలు తట్టాను. 31 కనిపించాయి, పసుపువి వేరే రాశాను, సరిగా లెక్కపెట్టానో లేదో. గాలికి కాగితం ఎగురుతుంటే నాన్న వచ్చి పట్టుకున్నాడు. "ఇదా నా పూత రాల్చేది" అని చాలాసేపు చూశాడు. ఫెలోషిప్‌కు లెటర్ ఇవ్వమని మా మేడమ్‌ను అడిగాను, నోట్‌బుక్ తెమ్మన్నారు. ఒక డౌట్: 95 శాతం ఆల్కహాల్ ఎక్కడ దొరుకుతుంది? శానిటైజర్ పనికొస్తుందా?

నల్లతామర
శానిటైజర్ వద్దు చెల్లె. బయట దుకాణాల్లో వెతకకు, మేడమ్‌తో చెప్పించి డిపార్ట్‌మెంట్ స్టోర్స్‌లో అడుగు. చిన్న మూత ట్యూబులు ఓ పది కూడా అడుగు. తేదీ, చోటు చిన్న కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి ట్యూబ్ లోపలే వెయ్యి. పెన్నుతో రాస్తే సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. వచ్చే ఆదివారం అవే మొక్కలు చూడాలి కదా, ఇప్పుడే వాటికి గుడ్డపేలికలు కట్టమని నాన్నకు ఫోన్ చెయ్యి.